సేవకుని చూపు

సేవాధర్మము తేలికయైనది కాదని భర్తృహరి నీతిశతకమున హెచ్చరించెను. ఆయన రాజుల కొలువును ఉద్దేశించి చెప్పినను, ఆ హెచ్చరిక ఇచ్ఛాపూర్వకముగా చేయు సేవకును వర్తించును. కూలికి చేయు పనికి వెల యున్నది. అది చేతబడినంతనే లెక్క తీరును. వెల లేని సేవలో మాత్రము మనస్సు తన ప్రతిఫలమును తానే వెదకికొనుచుండును. ఒకప్పుడు కీర్తిని, ఒకప్పుడు కృతజ్ఞతను, మరియొకప్పుడు ఉత్సవమును దగ్గరగా చూచు భాగ్యమును అది కోరును. ఈ చివరి కోరిక నిర్దోషముగ కన్పట్టును. కావుననే దానిని విచారింపవలసి యున్నది.

2003వ సంవత్సరము అక్టోబరు 24 మొదలు నవంబరు 1 వరకు హైదరాబాదు నగరమున మొదటి ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగినవి. రెండు ఖండముల క్రీడాకారులు 8 క్రీడలలో పోటీపడిరి. గచ్చిబౌలిలోని క్రీడాంగణమునకు కోనసీమ బిడ్డయైన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టబడినది. ఆయన అమలాపురమునుండి లోక్‌సభకు ఎన్నికై, సభాపతి పదవి నలంకరించి, 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున అసువులు బాసెను.

ఇట్టి మహోత్సవములు స్వచ్ఛంద సేవకులు లేనిదే సాగవు. 2012 నాటి లండను ఒలింపిక్ క్రీడలలో సుమారు 70 వేలమంది జీతము లేక పనిచేసిరి. దారి చూపుట, ఆసనము చూపుట, వృద్ధులకు చేయూత నిచ్చుట, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించుట వంటివి సేవకుల పనులు. వీరిలో అనేకులకు ఆట కనబడదు. మైదానమునకు వీపు త్రిప్పి, జనమునకు ముఖము చూపి నిలుచుటయే వారి నియోగము.

మండపేట ప్రాంతమునుండి చదువునకై హైదరాబాదు చేరిన ఒక యువకుడు 2003లో అట్లు నిలిచినవాడే. అతనికి ఇచ్చిన చోటు ప్రేక్షకులు ఎక్కి దిగు మెట్ల మొదట. నాలుగు దినములు అతడు వెనుకనుండి చప్పట్లు వినెనేకాని ఏమియు చూడలేదు. ఐదవనాడు ఒక పరుగుపందెము ముగియు వేళ జనమంతయు ఒక్కపెట్టున లేచి కేకలు వేసెను. యువకుడు మనస్సు పట్టలేక వెనుకకు తిరిగెను. సరిగా ఆ క్షణముననే మెట్లు దిగుచున్న ఒక వృద్ధురాలు అడుగు తప్పి పడెను. మోకాలు చిట్లి రక్తము కారెను. అతడు పరుగున వచ్చి లేవనెత్తగా ఆమె, "నా చూపు ఆనదు నాయనా, నీ తప్పేమున్నది?" అనెను. ఎవరును అతనిని నిందింపలేదు. నిందించియున్న భారము కొంత తగ్గియుండెడిది.

ఇంటికి వచ్చిన కుమారుని తల్లి, "ఏరా నాన్నా, అన్నాళ్ళు అక్కడే ఉన్నావు కదా, ఆటలు ఎలా ఉన్నాయిరా?" అని అడిగెను. "నేను చూడలేదమ్మా" అని అతడు బదులు చెప్పెను. చూచిన ఆ ఒక్క క్షణము సంగతి ఆమెకు చెప్పలేకపోయెను.

చూచుట పాపమా యని ఇచట ప్రశ్న పుట్టును. కాదు. ఆసనమున కూర్చున్నవాడు కన్నులార చూడవచ్చును. వానికి ఆ చూపు ధర్మసమ్మతమే. మెట్లకడ నిలిచినవాని చూపో, అప్పటికే ఇతరులకు ఈయబడినది. ఇచ్చిన వస్తువును తిరిగి తీసికొనుట దానధర్మమునకు విరుద్ధమైనట్లే, ఇచ్చిన చూపును తిరిగి తీసికొనుటయు సేవాధర్మమునకు విరుద్ధము. భాగవత ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను పేర్కొనుచు శలభమును కూడ చెప్పెను. మంట యొక్క రూపమునకు లోబడి దానిలో పడి నశించు శలభము, కంటి ఆశను అదుపునందుంచుకొనవలెనని బోధించు గురువు. సేవకుని కంటి ఆశకు తాను బలియగుట మాత్రమే కాక, తన్ను నమ్మినవారును బలియగుదురు.

శ్రీమద్రామాయణమున గంగాతీరమున సీతారాములు తృణశయ్యపై పవళింపగా లక్ష్మణస్వామి కావలి యుండెను. తాను మేల్కొని యుందునని, నిద్రింపుమని గుహుడు ప్రార్థించినను ఆయన అంగీకరింపలేదు. కావలియున్నవాడు ఎటు చూడవలెను? ఆపద రాదగిన చీకటివైపు చూడవలెనే కాని స్వామి ముఖమువైపు చూచుచు కూర్చుండరాదు. రామముఖమును చూడనిదే నిలువలేని లక్ష్మణుడు రాముని కొరకే ఆ ముఖమునుండి చూపు మరల్చుకొనెననిన, కైంకర్యమునకు ఇంతకు మించిన నిర్వచనము అక్కరలేదు.

ఏండ్లు గడచి ఆ యువకుడు గృహస్థుడై కుటుంబముతో శ్రీరంగయాత్ర చేసెను. అచటికి సమీపముననే కావేరీ కొళ్ళిడముల నడుమ 2015లో ఆరంభింపబడిన సీతాకోకచిలుకల వనము కలదు. రంగనాథుని సేవించిన పిమ్మట వారు ఆ వనమునకు పోయిరి. వద్దని అతడు వారించునంతలోనే చిన్నకుమార్తె ఒక సీతాకోకచిలుకను రెక్కపట్టి పట్టుకొనెను. విడిచిపెట్టగా అది తడబడుచు ఎగిరిపోయెను. బిడ్డ వ్రేళ్ళకు రంగుల పొడి అంటియుండెను. ఆ పొడి పైపూత కాదు. రెక్కలను కప్పియుండు అతిసూక్ష్మమైన పొలుసులే. ఊడిన పొలుసులు మరల మొలవవు. పాప తన వ్రేళ్ళను, ఎగిరిపోయిన దానిని మార్చి మార్చి చూచి ఏడ్చెను. తండ్రికి ఆ చిట్లిన మోకాలు జ్ఞప్తికి వచ్చెను. అందమును చూచి సంతోషించుట వేరు, అది నాకు దక్కవలెనని చేయి చాచుట వేరు. బిడ్డ చేతితో చేసినదానిని తాను ఒకనాడు కంటితో చేసితినని అతడు గ్రహించెను.

అట్టి వనమును పెంచువాని ఓర్పును గూర్చియు ఒక మాట చెప్పవలెను. పూవులు నాటినంత మాత్రమున సీతాకోకచిలుకలు నిలువవు. వాని గొంగళిపురుగులు తినుటకు ఆకులు కావలెను. ఒక జాతి నిమ్మ, కరివేపాకు చెట్లపై గ్రుడ్లు పెట్టును. మరియొకటి జిల్లేడు పై పెట్టును. తన చెట్టు ఆకు చిల్లులు పడుట సహింపలేనివాడు రెక్కల సొగసును చూడజాలడు. సేవయు అట్టిదే. ఇతరుల ఆనందమునకై మన ఆకు కొంత తినబడవలెను. అయితే సేవ నర్థించువారికిని ధర్మమున్నది. సేవకుల ఆకలిని, అలసటను గమనింపక, సేవ యను పేర కూలి మిగుల్చుకొనుట అధర్మము.

2000వ సంవత్సరమున తిరుమలలో మొదలైన శ్రీవారి సేవకు ఎందరో గృహస్థులు, గృహిణులు పోవుచున్నారు. స్వామి సన్నిధికి ఇంత దూరము వచ్చి, దినమంతయు భక్తుల వరుసలవైపే చూచుచు గడపితిమే యని వారిలో ఎవరైన చింతింపవచ్చును. అట్టివారు గౌతమికి ఆవలి గట్టుననున్న ర్యాలి క్షేత్రమును స్మరింపవలెను. అచట జగన్మోహినీకేశవస్వామి ఒకే శిలలో ముందు కేశవుడుగా, వెనుక మోహినిగా వెలసియున్నాడు. ముందు సేవించినవారు వెనుకకును పోయి సేవింతురు. స్వామికి వెనుకవైపు అనునది లేదని ఆ శిల చాటుచున్నది. కావున ఆయనకు వీపు త్రిప్పి ఆయన భక్తుల ముఖములు చూచుచు నిలిచినవాడు ఆయనను చూడనివాడు కాడు.

మండపేట గృహస్థు యాత్రనుండి మరలివచ్చిన పిమ్మట వృద్ధురాలైన తల్లికి ఆనాటి క్షణము సంగతి ఉన్నదున్నట్లు చెప్పెను. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "ఆ పెద్దావిడ ముఖం నీకు గుర్తుందా?" అని అడిగెను. ఉన్నదని అతడనెను. గెలిచినవాని ముఖము మాత్రము అతనికి జ్ఞప్తి లేదు.