తప్పెవరిదో తెలియనప్పుడు భారమెవరిది?



ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములో మనము తరచుగా దాటిపోవు విధి యొకటి యున్నది. పొలములో ఒక మనుష్యుని శవము కనబడును. చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, ఆ శవమునుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. దగ్గరనున్న ఊరి పెద్దలు ఒక పెయ్యను తీసికొని యేటి లోయకు దిగి, చేతులు కడుగుకొని, ఈ రక్తము మేము చిందింపలేదని చెప్పి దేవుని క్షమాపణ వేడుకొనవలెను. చంపినవారు వారు కారు. అయినను రావలెను. ఒక తండ్రి నా గుమ్మమెక్కిన దినమువరకు ఈ విధి యెందుకో నాకు బోధపడలేదు.

ఆయన మన పల్నాటిలోనే ఒక పల్లె సంఘమువాడు. ఊరు పేరు చెప్పను. "అయ్యగారూ, టీకా సూది వేయించిన మూడో రోజు నుంచి పిల్లకు ఫిట్లు. ఇప్పుడు నిలబడలేకపోతంది. నరసరావుపేటలో ప్లీడరుగారు నష్టపరిహారానికి కేసు వేద్దామన్నారు. సూదికి ముందు పిల్లకు ఏ జబ్బూ లేదని మీరొక కాగితం రాసియ్యాలి. మీ మాటకు విలువుంటదంట" అనెను.

చదువరీ, ఆ సూదికి నెల దినములు ముందుగా ఒక రాత్రి, బిడ్డకు మూర్ఛ వచ్చినదని నన్ను నిద్రలేపి ప్రార్థనకు తీసికొనిపోయినవాడు ఆయనే. ఆ సంగతి ఆయనకు జ్ఞాపకమున్నది, నాకును ఉన్నది. ఇద్దరమును నేలవైపు చూచితిమి. వ్రాయలేనంటిని. "మరి మా పిల్లనెవరు చూస్తారయ్యగారూ?" అని లేచి వెళ్లిపోయెను. (ప్లీడర్లందరు అబద్ధము నేర్పుదురని నేననను. మా సంఘ పెద్దలలో ఒకరు ప్లీడరే.)

కాకి వాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంత మాత్రాన, కాకియే పండును రాల్చెనని చెప్పలేమని మన పెద్దలెరుగుదురు. పసిబిడ్డకు 6, 10, 14 వారములకును, 9 నెలలకును, తరువాత ఏడాదిన్నర ప్రాంతమునను టీకాలు వేయుదురు. పసితనపు మూర్ఛలు అనేకము బయటపడునదియు ఆ నెలలలోనే. కాబట్టి ఒకదాని వెనుక ఒకటి వచ్చుట తప్పదు. అట్లని టీకావలన ఎన్నడును హాని కలుగదనుటయు అబద్ధమే. పోలియో చుక్కలలో బలహీనపరచిన సజీవ క్రిమి యున్నది. లక్షలాది మోతాదులకు ఎక్కడో ఒకటి పక్షవాతము తెచ్చుట కలదు. ఆ చుక్కలవలననే మన దేశములో సహజమైన పోలియో 2011 జనవరితో ఆగిపోయెను. కోట్ల బిడ్డలు పరుగెత్తుచున్నారు. ఎక్కడనో ఒక బిడ్డ కూర్చుండిపోయెను. ఆ పరుగు మనందరిది. ఆ కూర్చుండుట ఒక్క ఇంటిదేనా?

మనకు దూరముకాని ఖమ్మము జిల్లా సంగతి వినుము. 2009లో, అది ఇంకను ఆంధ్రప్రదేశ్‌లో నుండగా, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 నుండి 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖ కాన్సరును అడ్డగించు టీకా వేసిరి. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి నడిపిన పని యిది. గుజరాత్‌లోను అట్లే జరిగెను. రెండు రాష్ట్రములలో కలిపి ఏడుగురు బాలికలు చనిపోగా 2010 ఏప్రిలులో పని నిలిపివేసిరి. ప్రభుత్వ విచారణ సంఘము ఆ మరణములకు టీకాతో సంబంధము కనబడలేదని చెప్పెను. ఒకతె నీటిలో మునిగెను, ఒకతెను పాము కరచెను, ఇద్దరు పురుగుమందు త్రాగిరి, ఒకతెకు మలేరియా. తక్కిన ఇద్దరి కారణము అంత స్పష్టము కాలేదు. అయితే 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము మరియొక సంగతి వెలికితెచ్చెను. పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 2,763 వసతి గృహముల వార్డెన్లు సంతకము చేసినవి, 1,948 వేలిముద్రలు. తన కుమార్తె చేతికి సూది గుచ్చుచున్నారని తల్లికే తెలియదు.

టీకా చంపలేదు గనుక అంతా సవ్యమే అనువాడొకడు. అనుమతి అడుగలేదు గనుక టీకాయే చంపెను అనువాడొకడు. ఇద్దరును రెండు ప్రశ్నలను ఒక్కటిగా ముడివేసిరి. ఈ వ్యవహారము సుప్రీము కోర్టుకు చేరెను. పార్లమెంటు సంఘ నివేదికను న్యాయస్థానము చూడవచ్చునా అను ఒక్క ప్రశ్నకే 2018 మే 9న ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. అప్పటికి ఆ బాలికలలో చిన్నవారికి 19 ఏండ్లు.

పరిహారము కొరకు సత్యమును వంచిన యెడల ఏమగునో ఇంగ్లండు చూచినది. 1998లో వేక్‌ఫీల్డ్ అను వైద్యుడు 12 మంది బిడ్డలను చూపి, తట్టు టీకాకు ఆటిజముతో సంబంధమున్నట్లు వ్రాసెను. టీకా తయారుచేసినవారిపై దావా వేయనున్న వకీలు పక్షమున ఆయనకు సొమ్ము ముట్టెనని తరువాత తెలిసెను. 2010లో ఆ పత్రిక ఆ వ్యాసమును రద్దుచేసెను. ఈ మధ్యలో ఎందరో తల్లులు భయపడి టీకా మానిరి, తట్టు తిరిగి వచ్చెను. ఒక అబద్ధ సాక్ష్యము ఇతరుల బిడ్డల మీద పడెను.

అయితే నా మనస్సును కలతపెట్టినది ఇది. తప్పు రుజువైతేనే రొట్టె దొరకుననిన చోట, కన్నతండ్రి నోటికి అబద్ధము దగ్గరగును. 2022లో కరోనా టీకా మరణముల వ్యాజ్యములో మన కేంద్ర ప్రభుత్వము, బాధ్యత తమది కాదు, సివిలు కోర్టుకు పోవచ్చునని సుప్రీము కోర్టుకు చెప్పెను. సివిలు కోర్టులో మొదట అడుగునది తప్పు ఎవరిదని. జర్మనీ 1961లో, బ్రిటను 1979లో, అమెరికా 1986లో వేరొక త్రోవ త్రొక్కెను. అక్కడ నిర్లక్ష్యమును రుజువు చేయనక్కరలేదు. అమెరికాలో ప్రతి మోతాదులో అది అడ్డగించు ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్లు పన్ను తీసి నిధిలో వేయుదురు. హాని టీకావలన వచ్చినదా అని అక్కడను విచారింతురు, అందరికిని ఈయరు. కాని సూది వేయించుకొన్న ప్రతివాడును ఆ దెబ్బతిన్న ఒక్కని కొరకు కొంచెము చెల్లించుచున్నాడు. మోషే కొలనూలు నాకు అక్కడ కనబడుచున్నది.

ఇక నా సంగతి. అబద్ధము వ్రాయనని చెప్పిన ఆ రాత్రి నేను హాయిగా నిద్రించితిని. నాలుగు నెలలు ఆ ఇంటి గడప త్రొక్కలేదు. ఆ పెద్దలు వచ్చి, కొలిచి, పిమ్మట చేతులు కడుగుకొనిరి. పిలాతు ఆసనము దిగకయే కడుగుకొనెను. నేనెవరివలె చేసితినో నాకు తెలిసినప్పుడు సిగ్గుపడి, బిడ్డను చూడబోయితిని. ఆసుపత్రిలో జరిగినది జరిగినట్లుగా, పాత మూర్ఛతో సహా, వ్రాయించితిమి. సదరము ధ్రువపత్రమునకు రెండుసార్లు తిరిగితిమి. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యములో ఆ ఇంటికి ఒక భాగము తీసిరి.

తండ్రి ఇంకను ఆరాధనకు రాడు. పోయిన ఆదివారము బిడ్డను ఎత్తుకొని వచ్చి తల్లి ప్రక్కన కూర్చుండబెట్టి, తాను బయట వేపచెట్టు క్రింద నిలిచెను. ఆరాధన కాగానే ఆయనయొద్దకు పోయితిని. నా ముఖము చూడకయే, "ఈ వారం బియ్యం ఎవరు తెస్తారు?" అనెను. నేనే తెచ్చెదనంటిని.