గిర్మిట్ కాదు, నిబంధన

ధ్యాన భాగములు: ఆదికాండము 15:7-18, మత్తయి 20:1-16, హెబ్రీయులకు 9:15-17

ఆంగ్లభాషలో ఒడంబడికకు పేర్లు అనేకములు. అగ్రిమెంట్ అందురు, కాంట్రాక్ట్ అందురు, ఇండెంచర్ అందురు, కవనెంట్ అందురు, టెస్టమెంట్ అందురు. నిఘంటువులో ఇవి ఒక ఇంటి బిడ్డలవలె ప్రక్కప్రక్కనే కూర్చుండును. కాని ఒక్కొక్కదాని క్రింద మనుష్యుని బ్రతుకు ఒక్కొక్క విధముగా నుండును. ప్రియులారా, ఈ భేదము పండితులకు మాత్రమే చెందినది కాదు. దేవునియెదుట మనము ఏ పత్రమును నమ్ముకొని జీవించుచున్నామో తెలిసికొనుటకు అది మనకందరికిని అవసరము.

ఈ మాటల బరువు తెలియవలెనన్న కోల్‌కతా నగరమును తలంచుకొనుడి. అచ్చట హుగ్లీ నది చెంత, ఖిదిర్‌పూర్ రేవులకు దాపున, వాట్‌గంజ్ అను పేట కలదు. 18వ శతాబ్దపు చివరి భాగమున ఆ తీరమున ఓడల కార్ఖానా నెలకొల్పిన హెన్రీ వాట్సన్ అను సైనికాధికారి పేరే ఆ పేటకు నిలిచినది. 1834లో బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేయు చట్టము అమలులోనికి వచ్చెను. చెరకు తోటల యజమానులకు క్రొత్త పనివారు కావలసివచ్చిరి. ఆ యేడే కలకత్తానుండి కూలీల ఓడ మారిషస్ చేరెను. 1838లో గయానాకు, 1873లో సూరినాముకు, 1879లో ఫిజీకి ఆ నదిమీదుగానే ఓడలు సాగెను. ఓడ సిద్ధమగువరకు వారిని ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్ ప్రాంతముల డిపోలలో ఉంచెడివారు. మద్రాసు రేవునుండియు ఓడలు పోయెను. 1903 మొదలుకొని ఆ దారిని ఫిజీకి వెళ్లినవారిలో మన తెలుగువారును ఉండిరి. 2015లో గార్డెన్ రీచ్‌లోని సూరినాము ఘాటున, మూట చేతపట్టి నిలిచిన ఒక దంపతుల ప్రతిమను వారి జ్ఞాపకార్థము నెలకొల్పిరి.

వారు వేలిముద్ర వేసిన కాగితము పేరు అగ్రిమెంట్. ఆ మాటకు నోరు తిరుగక వారు దానిని గిర్మిట్ అనిరి. దానికి లోబడినవారు గిర్మిటియాలైరి. ఫిజీకి వెళ్లినవారి కాగితములో షరతులు స్పష్టముగా నుండెను. అయిదేండ్ల పని. వారములో అయిదు దినములు తొమ్మిదేసి గంటలు, శనివారము అయిదు గంటలు. పురుషునికి దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. పదియేండ్లు అక్కడ నివసించినవానికి ఉచితముగా తిరుగు ప్రయాణము. చదివిన న్యాయముగానే కనబడును. కాని పని తప్పినవానికి జరిమానా, చెరసాల కాచుకొనియుండెను. కాగితముమీద ఇరుపక్షములును సమానులే. తోటలో ఒకడు దొర, ఒకడు కూలి.

అధికారులు ఈ పత్రమును ఇండెంచర్ అనిరి. ఆ మాటకు ఒక చరిత్ర కలదు. పూర్వము ఒకే తోలు పత్రముమీద ఒప్పందమును రెండుమారులు వ్రాసి, నడుమ రంపపు పండ్లవలె వంకరగా కోసి, చెరియొక ముక్క ఉంచుకొనెడివారు. వివాదము వచ్చినప్పుడు ఆ పండ్లు సరిగా కలిసిననే పత్రము నిజమైనది. మన దంతము అను మాటకు చుట్టమైన లాటిన్ మాటనుండి ఆ పేరు పుట్టెను. ఒకరినొకరు నమ్మనివారి పత్రమది.

ఇప్పుడు అదే హుగ్లీ నదికి ఎగువగా పోవుదము. కలకత్తాకు ఉత్తరమున సెరాంపూరులో విలియం కేరీయు అతని సహచరులును 1818లో తెలుగు క్రొత్త నిబంధనను అచ్చువేసిరి. ఆంగ్లములో దాని పేరు టెస్టమెంట్. ఒకే నదీతీరమున రెండు పత్రములు సిద్ధమాయెను. మొదటిదానిలో మనుష్యుడు తన్ను తాను వ్రాసి యిచ్చెను. రెండవదానిలో దేవుడు తన్ను తాను మనుష్యునికి వ్రాసి యిచ్చెను.

కవనెంట్ అను మాటకు మన బైబిలులో నిబంధన అని యున్నది. హెబ్రీయులు నిబంధనను కోయుట అని పలుకుదురు. ఆదికాండము 15వ అధ్యాయములో అబ్రాము పశువులను నడిమికి ఖండించి ఎదురెదురుగా పెట్టెను. ఆ ఖండముల నడుమ నడచినవాడు మాట తప్పినయెడల తనకును అదే గతి పట్టునని ఒప్పుకొనుటయే ఆ ఆచారము. అయితే ఆ సాయంకాలము అబ్రాము నడువలేదు, గాఢనిద్రలో నుండెను. పొగ రాజుచున్న పొయ్యియు అగ్నిజ్వాలయు మాత్రమే ఆ ఖండముల నడుమ దాటిపోయెను. అనగా భారమంతయు దేవుడు తనమీదనే వేసికొనెను. ఇండెంచర్‌లో రెండు ముక్కలు సరిపోవలెను. ఇక్కడ ఒక్కని ప్రమాణమే ఇద్దరికిని చాలెను.

ఇక టెస్టమెంట్ అనగా వీలునామా. గ్రీకులో నిబంధనకును వీలునామాకును ఒకే మాట చెల్లును. అందుచేతనే హెబ్రీ పత్రిక 9వ అధ్యాయములో మన అనువాదకులు మరణశాసనము అను మాటను వాడిరి. వీలునామామీద వారసుని వేలిముద్ర అక్కరలేదు. అతడు ఎన్ని గంటలు పనిచేసెనో ఎవరును లెక్క చూడరు. వ్రాసినవాడు మరణించిననే అది చెల్లును. కల్వరి సిలువమీద ఆ పత్రము చెల్లుబడియైనది.

అయినను మనలో అనేకులు దేవునియొద్ద గిర్మిటియాలవలెనే జీవించుచున్నాము. ఇన్ని ఉపవాసములుంటిని, ఇంత కానుక ఇచ్చితిని, నా బిడ్డకు జబ్బు ఎందుకు వచ్చెనని అడుగుచున్నాము. ద్రాక్షతోట ఉపమానమును జాగ్రత్తగా చూడుడి. తెల్లవారుజామున వచ్చినవారితో మాత్రమే యజమానుడు దేనారమునకు ఒప్పందము చేసికొనెను. తరువాత వచ్చినవారు ఏది న్యాయమో అది ఇత్తునన్న అతని మాటను నమ్మి తోటలోనికి పోయిరి. సాయంకాలమున సణిగినది ఎవరు? ఒప్పందము గలవారే. వారికి రావలసినది వచ్చెను గాని సంతోషము రాలేదు. తప్పిపోయిన కుమారుని అన్నయు అట్టివాడే. తండ్రి ఇంటిలోనే యుండి, చేసిన చాకిరికి లెక్క కట్టుకొనుచు, కూలివానివలె మాటలాడెను. ఆ యింటి సమస్తమును తనదేయని వానికి తెలియలేదు.

నిబంధనలో జీవించువాడు తన చేతిక్రింది వారితో కఠినమైన గిర్మిట్ నడుపజాలడు. ఆ తోటల దొరలలో టెస్టమెంట్ చదివినవారును ఉండిరి; చదివిన పత్రము ఒకటి, నడిపిన పత్రము వేరొకటి. క్రైస్తవ సేవకుడగు సి. ఎఫ్. ఆండ్రూస్ అట్లు చేయలేదు. ఆయన 1915లో పియర్సన్‌తో కూడ ఫిజీకి వెళ్లి, కూలీల స్థితిని కన్నులార చూచి, 1916లో నివేదిక ప్రకటించెను. 1917లో కూలీలను పంపుట నిలిచిపోయెను. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలినవారి గిర్మిట్లు రద్దాయెను. ప్రజలు దీనబంధు అని పిలిచిన ఆయన 1940లో కలకత్తాలోనే కన్నుమూసెను. ఆయన సమాధియు ఆ నగరముననే యున్నది.

మన యింట అంట్లు తోమునామె జ్వరముతో రెండు దినములు రాకపోయిన, కూలి కోసికొనుచున్నామా? మలాకీ ప్రవక్త నిబంధన భార్యయని పిలిచిన ఆమెతో, నీవిది చేసితివి, నేనిది చేసితినని లెక్కలు వ్రాసికొనుచున్నామా? యాకోబు పత్రికలో మోసముగా బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని చదువుచున్నాము. ఆ మొఱ్ఱ నేడు మన గడపనుండి లేచుచున్నదేమో, మొదట అక్కడ చూచుకొందము.

ప్రార్థన: ప్రభువా, మేము సంపాదింపనిదానిని నీ మరణముచేత మాకు వ్రాసి యిచ్చితివి. కూలివారి లెక్కలు విడిచి వారసుల సంతోషముతో నిన్ను సేవించుటకును, మా చేతిక్రింది వారిని నీవు మమ్మును చూచినట్లు చూచుటకును కృప దయచేయుము. ఆమేన్.