ఎవరూ గమనించని తప్పు

ఎవరి కంటా పడని తప్పు తప్పేనా? ప్రశ్న పాతదే. కాని సి.టి. స్కాన్ తీయడం నేర్చుకొనే మన యువతీ యువకులకు ఇది మొదటి పాఠాల్లోనే ఎదురవుతుంది.

పాత ఎక్స్‌రే ఫిల్ముకు ఒక మంచి గుణం ఉండేది. కిరణాలు ఎక్కువైతే అది నల్లబడిపోయేది. పొరపాటుకు సాక్ష్యం చేతిలోనే ఉండేది.

1971 అక్టోబరు 1న లండన్‌లో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో తొలిసారిగా ఒక రోగి తలకు సి.టి. స్కాన్ తీశారు. ఈ యంత్రం అన్ని వైపుల నుండి కిరణాలను పంపి, అవతలికి ఎన్ని వచ్చాయో కొలిచి, కంప్యూటరు లెక్కలతో శరీరాన్ని పొరలు పొరలుగా చూపుతుంది. ఇందులో కిరణాలు ఎక్కువైతే బొమ్మ చెడదు; పైగా ఇంకా నున్నగా వస్తుంది. తక్కువైతేనే ఇసుక చల్లినట్లు గరుకుగా కనిపిస్తుంది. ఆ గరుకు సగానికి తగ్గాలంటే మోతాదును నాలుగు రెట్లు చేయాలి. అంటే తక్కువ ఇచ్చినవానికి చీవాట్లు, ఎక్కువ ఇచ్చినవానికి మెప్పు! తప్పు మెప్పు రూపంలో వస్తే మనస్సాక్షి ఎలా మేలుకొంటుంది?

ఇది ఊహ కాదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో 2008లో మెదడు స్కానుకు యంత్రం అమరికను మార్చారు. దాదాపు 18 నెలల పాటు 200 మందికి పైగా రోగులకు ఉండవలసిన దానికి సుమారు 8 రెట్ల మోతాదు వెళ్లింది. 2009లో ఒక రోగి తన జుట్టు ఊడుతోందని చెప్పినప్పుడు గాని సంగతి బయటపడలేదు. అక్కడివారు దుర్మార్గులు కారు. బొమ్మలు బాగానే ఉండడంతో ఎవరికీ అనుమానం రాలేదు, అంతే.

"డాక్టరుగారికి స్పష్టమైన బొమ్మ కావాలి కదా?" అని మీరు అడగవచ్చు. నిజమే. మరీ తక్కువ మోతాదుతో తీసి చిన్న గడ్డను కనబడకుండా చేయడం కూడా అన్యాయమే. అందుకే న్యాయం "తక్కువ"లోనూ లేదు, "ఎక్కువ"లోనూ లేదు. అవసరానికి తగినంతలో ఉంది. మూత్రపిండంలో రాయి కోసమైతే కొంత గరుకు బొమ్మ చాలు. కాలేయంలో చిన్న మచ్చను వెదకాలంటే అది చాలదు. పసిబిడ్డకు పెద్దల అమరిక పనికిరాదు. ఎదిగే శరీరానికి కిరణాల హాని ఎక్కువ.

కనుక నేర్చుకొనేవారు బొత్తాల కన్నా ముందు ఈ అలవాట్లు నేర్వాలి: రోగి పేరు అతని నోటనే చెప్పించడం, స్త్రీలను గర్భం సంగతి మర్యాదగా అడగడం, రోగిని యంత్రం నడిమధ్యకు సరిగా అమర్చడం, అడిగిన భాగం దాటి తీయకపోవడం, బొత్తం నొక్కేముందు తెరపై కనిపించే మోతాదు అంకెను చదవడం. ఆ చివరిదానికి రెండు క్షణాలు చాలు. చదవకపోయినా అడిగేవారుండరు. అసలు పరీక్ష అదే.

అద్దానికి అవతల, బల్లమీద పడుకొన్న మనిషికి ఆ అంకె కనబడదు. "ఊపిరి బిగబట్టండి" అంటే బిగబడతాడు, "వదలండి" అంటే వదులుతాడు. అంతగా మనల్ని నమ్మినవాని తరఫున ఆ అంకెను చదవవలసినది మనమే.