వంతు: మిత్రుల హోటలు భోజనంపై ఒక నైతిక విచారణ

ప్రవేశిక

స్నేహితులు నలుగురు కలిసి వీధి చివరి హోటలుకు వెళ్లి తినడం తెలుగు పట్టణ జీవితంలో నిత్యం కనిపించే దృశ్యం. టిఫిన్ సెంటరు ముందు నిలబడి తినే ఇడ్లీ, మెస్సులో ఫుల్ మీల్సు, ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకునే ‘వన్ బై టూ’. వీటిలో తాత్త్విక విచారణకు తగిన విషయం ఏముందన్న సందేహం సహజమే. అయితే తినడం ముగిసి బిల్లు బల్ల మీదికి రాగానే ఆ నలుగురి మధ్య కొద్దిసేపు మౌనం ఏర్పడుతుంది. ఒకరు జేబు తడుముకుంటారు. ఒకరు చెయ్యి కడుక్కునే నెపంతో లేచి వెళ్తారు. ఒకరు వద్దు వద్దంటూ బిల్లు లాక్కుంటారు. మరొకరు ఏమీ అనలేక తల దించుకుంటారు. న్యాయం, ఔదార్యం, ఋణం, ఆత్మగౌరవం అనే భావనలన్నీ ఆ అర నిమిషంలోనే పనిచేస్తాయి.

మిత్రుల మధ్య తిండి ఖర్చును ఏ పద్ధతిలో పంచుకోవడం ధర్మం అన్నది ఇక్కడి ప్రశ్న. దీనికి సమాధానం వెతకడానికి తెలుగులో ‘వంతు’ అన్న మాటకున్న అర్థచ్ఛాయలు ఆధారంగా ఉపకరిస్తాయని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధర గల అన్నం

తెలుగు సంప్రదాయంలో అన్నానికి సంబంధించిన నీతి ప్రధానంగా ఇంటి చుట్టూ అల్లుకున్నది. అతిథిని దైవంగా భావించమన్న తైత్తిరీయోపనిషత్తు బోధ గృహస్థును ఉద్దేశించినది. అందులో పెట్టేవారెవరో, తినేవారెవరో ముందే నిర్ణయమై ఉంటుంది. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అన్న నానుడి కూడా ఈ ఏర్పాటు నుంచే పుట్టింది. ఉప్పు పెట్టినవాడు యజమాని, తిన్నవాడు విశ్వాసపాత్రుడు. ఆ ఉప్పు పై నుంచి కిందికి దిగుతుంది. అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’లో స్నేహాన్ని చర్చిస్తూ, ఇద్దరు కలిసి ఉప్పు తిననిదే ఒకరినొకరు ఎరగలేరన్న అర్థమిచ్చే గ్రీకు సామెతను ప్రస్తావిస్తాడు. అక్కడి ఉప్పు ఇద్దరి మధ్యా సమతలంలో ఉన్నది. ఒకే పదార్థం ఒకచోట ఆశ్రయానికి గుర్తు, మరొకచోట సహవాసానికి గుర్తు.

ఇంటి బయట, డబ్బిచ్చి తినే అన్నం తెలుగువారికి కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమై, కర్తృత్వం విషయంలో చర్చకు గురైన ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. ఆ కావ్యంలో ఒక పూటకూటి ఇంటి వర్ణన ఉన్నది. అక్కడ దొరికే వంటకాల పట్టికతో పాటు ఆ భోజనం వెల ఒక రూక అన్న సంగతిని కూడా కవి పద్యంలో చేర్చాడు. ఇంటి విందు వర్ణనలో వెలకు చోటు ఉండదు, ఉంటే అది అమర్యాద. పూటకూటి ఇంటి వర్ణనలో వెల లేకపోతే వర్ణన పూర్తి కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో (1897, పునర్లిఖిత ప్రతి 1909) పూటకూళ్లమ్మ అన్నం పెట్టి బతికే వితంతువు. సరుకులు కొనిపెడతానని ఆమె దగ్గర డబ్బు పుచ్చుకుని గిరీశం దాన్ని తన సరదాలకు ఖర్చు చేస్తాడు. ఆమె అతన్ని వెతుక్కుంటూ మధురవాణి ఇంటిదాకా వస్తుంది. అమ్మిన అన్నానికి విశ్వాసం అక్కరలేదు, లెక్క కావాలి.

ధర గల అన్నం విశ్వాసాన్ని తొలగించి లెక్కను నిలపడం ఒక నష్టంగా కనిపించవచ్చు. కాని అందులో ఒక విముక్తి కూడా ఉన్నది. ఇంటి పంక్తిలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరు అరుగు మీదే ఆగిపోవాలో కులం నిర్ణయించింది. హోటలు ఈ కట్టును దానంతట అది తెంచలేదు. కులం పేరు పెట్టుకున్న భోజన హోటళ్లు, పల్లెల్లో టీ దుకాణాల రెండు గ్లాసుల పద్ధతి అందుకు సాక్ష్యాలు. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం తన 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, ఉపాహారశాలల్లో ప్రవేశానికి కులమతాలు అడ్డు కాకూడదని ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చింది. అంటే హోటలు బల్ల దగ్గర ఇద్దరు మిత్రులు పక్కపక్కన కూర్చోవడం ఒక చారిత్రక సాధన. ఆ బల్ల మీది ఉప్పు ఇద్దరిలో ఎవరిదీ కాదు. ఎవరి ఇంటి ఉప్పూ కాకపోవడం వల్లనే అది ఇద్దరి ఉప్పు కాగలుగుతున్నది.

బిల్లు వచ్చేదాకా ఈ సమానత నిలుస్తుంది. బిల్లు ఎవరు చెల్లించాలన్న ప్రశ్నతో పెట్టేవారు, తినేవారు అన్న పాత విభజన మళ్లీ తలెత్తుతుంది.

‘వంతు’ అర్థచ్ఛాయలు

వ్యవహారంలో ‘వంతు’ అన్న మాట ముఖ్యంగా మూడు అర్థాల్లో వినిపిస్తుంది. ‘ఆస్తిలో మూడో వంతు’ అన్నప్పుడు అది భాగం. ‘ఈ రోజు నీళ్లు పట్టడం నీ వంతు’ అన్నప్పుడు అది పర్యాయం. ‘వాళ్లతో వంతులకు పోవద్దు’ అన్నప్పుడు అది పోటీ. మొదటిది పరిమాణానికి, రెండవది కాలానికి, మూడవది అహంకారానికి సంబంధించినవి. మిత్రుల మధ్య బిల్లు చెల్లింపు పద్ధతులు కూడా సరిగ్గా ఈ మూడే.

భాగంగా వంతు

మొదటి పద్ధతి తలా ఇంత అని పంచుకోవడం. 2016లో యూపీఐ వచ్చిన తరవాత ఇది మరీ సులువైంది. చిల్లర లేదన్న సాకు పోయింది, పైసలతో సహా భాగహారం క్షణంలో తేలుతున్నది. ఎవరికీ ఎవరూ బాకీ లేకుండా లేవడం ఇందులోని గుణం. ఆత్మగౌరవానికి ఇది రక్షణ కూడా.

అయితే ఇందులో రెండు లోపాలున్నాయి. నలుగురిలో ముగ్గురు బిర్యానీ తిని, నాలుగోవారు పెరుగన్నంతో సరిపెట్టుకున్నప్పుడు సమభాగం న్యాయం కాదు. ఎవరు తిన్నదానికి వారే చెల్లించాలంటే ఈ దోషం పోతుంది. కాని అప్పుడు ఒకరి పళ్లెంలోని ముక్కను మరొకరు తీసుకునే చనువు కూడా లెక్కలోకి వస్తుంది. రెండవ లోపం మరింత లోతైనది. నెల జీతగాడికి, పోటీ పరీక్షలకు చదువుకుంటూ ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెట్టుకొచ్చే నిరుద్యోగికి వంద రూపాయల బరువు ఒకటి కాదు. సమానమైన అంకె అసమానమైన భారాన్ని కప్పిపెడుతుంది. ఆ భారం మోయలేనివారు ఆ మాట చెప్పరు. ‘ఆకలిగా లేదు’ అంటారు, ‘పని ఉంది’ అంటారు, క్రమంగా రావడం మానేస్తారు. ఎవరూ వెళ్లగొట్టకుండానే ఒక మనిషి బల్ల దగ్గర నుంచి తొలగిపోతాడు. మిగిలినవారు తమ లెక్క సరిగ్గానే ఉన్నదని నమ్ముతారు.

పోటీగా వంతు

రెండవ పద్ధతి ఒకరే చెల్లించడం. మొదటి జీతం అందుకున్న మిత్రుణ్ని ‘పార్టీ ఎప్పుడు?’ అని నిలదీయడం తెలుగు యువజనుల్లో అందరూ అంగీకరించిన ఆచారం. ఆ అడగడంలో చనువు ఉన్నది, ఇవ్వడంలో ఆనందం ఉన్నది. ఒకసారి జరిగే ఈ వేడుకకు దోషం లేదు. అదే ఒకరికి శాశ్వతాధికారంగా మారినప్పుడు చిక్కు మొదలవుతుంది.

ఎప్పుడూ తానే చెల్లించే మిత్రుడు ఉదారుడన్న పేరు పొందుతాడు. కాని ప్రతిసారీ ఇచ్చేవాడు ఇతరుల ఇచ్చే అవకాశాన్ని ప్రతిసారీ తీసుకుంటాడు. మార్సెల్ మోస్ 1925 నాటి తన ‘గిఫ్ట్’ వ్యాసంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు విధులను గుర్తించాడు. మూడవది ఆగిపోతే పుచ్చుకున్నవాడి స్థాయి దిగిపోతుందని ఆయన విశ్లేషణ సారం. హోటలు బల్ల మీద జరిగేది అదే. ఎవరిదీ కాని ఉప్పు మళ్లీ ఒకరి ఉప్పు అవుతుంది. తరవాత ఎక్కడ తినాలో, ఏం తెప్పించాలో, ఎవరి మాటకు నవ్వాలో చెల్లించేవారి ఇష్టం మీద నడుస్తుంది. దీన్ని సహించలేని మరొకరు అప్పు చేసైనా ఒకసారి పెద్ద బిల్లు కడతారు. అక్కడ ఔదార్యం వంతులకు పోవడంగా మారింది. గల్లా దగ్గర ‘నేనిస్తానంటే నేనిస్తా’నని చేతులు పెనుగులాడే దృశ్యంలో ప్రేమ ఎంత, పోటీ ఎంత అన్నది ఆ చేతులకే తెలియాలి.

ద్రుపదుడు, కుచేలుడు

అసమానుల స్నేహాన్ని గురించి తెలుగు పాఠకులకు సుపరిచితమైన రెండు కథలు ఈ చర్చను ముందుకు నడుపుతాయి. నన్నయ తెలిగించిన ఆదిపర్వంలో ద్రోణుడు తన సహాధ్యాయి ద్రుపదుని చెంతకు వెళ్తాడు. సమానుల మధ్యనే సఖ్యం పొసగుతుందంటూ ద్రుపదుడు అతన్ని తిరస్కరిస్తాడు. తరవాత శిష్యుల చేత ద్రుపదుని బంధింపజేసి, ద్రోణుడు అతని రాజ్యంలో సగం తీసుకుని సగం తిరిగి ఇస్తాడు. ఇప్పుడు ఇద్దరూ సమానులే. లెక్క ఒక్క పిసరు కూడా తేడా లేదు. కాని ఆ సమభాగం నుంచి స్నేహం పుట్టలేదు. ద్రుపదుని యజ్ఞం, ధృష్టద్యుమ్నుని జననం, చివరికి యుద్ధభూమిలో ద్రోణవధ పుట్టాయి. భాగం సరిపోయినంత మాత్రాన మైత్రి సరిపడదని చెప్పడానికి ఇంతకన్న కఠినమైన ఉదాహరణ ఉండదు.

పోతన భాగవతం దశమస్కంధంలోని కుచేలోపాఖ్యానంలో అసమానత అంతకన్న ఎక్కువ. ఈ కథను సాధారణంగా కృష్ణుని దానగుణానికి నిదర్శనంగా చదువుతారు. కాని క్రమాన్ని గమనిస్తే కృష్ణుడు ఇవ్వడానికి ముందు పుచ్చుకున్నాడు. కుచేలుడు సిగ్గుతో దాచుకున్న అటుకులను అతడే వెతికి తీసుకుని తిన్నాడు. తరవాత తాను ఇచ్చినది ఎదుట ఇవ్వలేదు. కుచేలుడు ఇల్లు చేరిన తరవాతగాని అది తెలియలేదు. పేద మిత్రునికి ఇచ్చేవాడి స్థానాన్ని ముందుగా కల్పించడం, తన ఈవిని కనపడనీయకపోవడం అనే రెండు మర్యాదలు ఈ కథలో ఉన్నాయి. ద్రోణుడు పరిమాణాన్ని సమం చేశాడు. కృష్ణుడు అసమానమైన పరిమాణాల మధ్య స్థానాన్ని సమం చేశాడు.

పర్యాయంగా వంతు

‘వంతు’కున్న మిగిలిన అర్థం ఈ స్థాన సమానతకే చెందుతుంది. ‘ఈసారి నాది, వచ్చేసారి నీది’ అన్న మాటలో మొత్తం ఎంతో లేదు, తేదీ ఎప్పుడో లేదు. ఉన్నదల్లా వచ్చేసారి అన్నది ఒకటి ఉంటుందన్న నమ్మకం. భాగం పంచుకున్నవారు లేచేసరికి లెక్క ముగుస్తుంది. వంతు మిగిలినవారికి మళ్లీ కలుసుకోవడానికి ఒక కారణం మిగులుతుంది. పుచ్చుకున్న కానుకకు వెంటనే బదులివ్వడం దాన్ని తిరస్కరించడంతో సమానమని, నడుమ గడిచే కాలమే కానుకను కానుకగా నిలుపుతుందని పియర్ బూర్దియూ వివరించాడు. మిత్రుల మధ్య తీరని చిన్న బాకీ ఆ కాలానికి గుర్తు. దాన్ని తీర్చేయాలన్న తొందర ఒక్కొక్కసారి స్నేహాన్ని కూడా తీర్చేస్తుంది.

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. వంతులు వేసుకోవడం కూడా లెక్కే కదా అన్నది మొదటిది. నిజమే, కాని ఇది జ్ఞాపకమే గాని పద్దు కాదు. ఒకరు టీలు ఇప్పించారు, మరొకరు భోజనం పెట్టించారు. రెండూ ఒక్కొక్క వంతే. వాటి మధ్య తేడాను ఎత్తి చూపినవారు వంతు నుంచి భాగానికి జారిపోయినట్లే.

ఏ వంతూ భరించలేనివారి సంగతేమిటన్నది రెండవ ఆక్షేపణ. ఇది బలమైనది. దీనికి సమాధానం బిల్లు దగ్గర దొరకదు, ఇంకా వెనక్కి వెళ్లాలి. నలుగురు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకున్నప్పుడే ఎవరికి వంతు ఉంటుందో, ఎవరికి ఉండదో నిర్ణయమైపోతుంది. ఖరీదైన హోటలును ఎంచుకుని ‘నువ్వేం ఇవ్వొద్దులే’ అని ఓదార్చడం ఔదార్యంలా కనిపించే అన్యాయం. అందరిలో తక్కువ ఉన్నవారు కూడా ఒకనాడు తడుముకోకుండా చెల్లించగల చోటును, ఆ మాట పైకి అనకుండా ఎంచుకోవడం న్యాయం. నలుగురికి ఇడ్లీలు, టీలు తెప్పించినా ఒక విద్యార్థి భరించగల బిల్లు వచ్చే వీధి హోటలు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఆ చోటు చవక కావడం వల్ల అక్కడ ఎవరైనా ఆతిథేయి కాగలరు. పక్కవారి చాయ్‌కి కూడా తానే డబ్బిచ్చి, సంకోచం లేకుండా తలెత్తి ‘పద’ అనగల అధికారం అందరికీ అందుబాటులో ఉంటుంది.

అయితే ఆ చవకతనం ఎవరి శ్రమ మీద నిలిచిందన్న ప్రశ్న మిగులుతుంది. హోటళ్లలో, ధాబాలలో పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2006లో ప్రత్యేకంగా నిషేధించవలసి రావడం ఆ శ్రమ స్వభావాన్ని సూచిస్తుంది. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురికీ వంతు ఉన్నది. ఆ బల్ల తుడిచే మనిషికి అందులో వంతు లేదు. మిత్రుల న్యాయం తనకు తానుగా ఈ లోటును తీర్చలేదు. కాని ఆ మనిషిని ఏ పిలుపుతో పిలుస్తారో, ఏ స్వరంతో నీళ్లడుగుతారో అన్నది ఆ నలుగురి మధ్య ఉన్న సమానత నిజమైనదా, కేవలం పరస్పర సౌకర్యమా అన్నదానికి పరీక్ష.

ఉపసంహారం

మిత్రుల హోటలు భోజనంలో ధర్మం బిల్లును సమంగా విభజించడంలో లేదు, ఒకరే భరించడంలోనూ లేదు. ఇచ్చేవారి స్థానం ఎవరికీ శాశ్వతం కాకుండా, ఎవరికీ దూరం కాకుండా చేతులు మారుతూ ఉండటంలో ఉన్నది. భాగం అనే అర్థంలో వంతు న్యాయాన్ని కాపాడుతుంది, కాని మనుషులను విడదీయగలదు. పోటీ అనే అర్థంలో అది ఔదార్యాన్ని చెడగొడుతుంది. పర్యాయం అనే అర్థంలోనే న్యాయమూ స్నేహమూ కలిసి నిలవగలుగుతాయి. ఆ పర్యాయం అందరికీ రావాలంటే జాగ్రత్త పడవలసినది బిల్లు వచ్చిన తరవాత కాదు, హోటలు గడప ఎక్కకముందే. ఆకలి లేదని చెప్పి బయటే ఆగిపోయిన మిత్రుడు ఆ బల్ల దగ్గర ఏ రోజు చివరిసారి కూర్చున్నాడో మిగిలినవారికి గుర్తులేకపోతే, వారి లెక్కలు ఎంత సరిగా ఉన్నా ఒక వంతు తప్పిపోయినట్లే.