తాడుకు రెండో కొస

కొండలూ అడవులూ పట్టి తిరిగేవాళ్లకు ఒక అలవాటుంది. ఇల్లు చేరాక నలుగురినీ కూర్చోబెట్టుకుని ఆ కథ చెప్పందే వాళ్లకు యాత్ర పూర్తయినట్టు ఉండదు. వినేవాళ్లకూ అది ఇష్టమే. ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అనుకున్న కాలం నుంచీ, తిరిగివచ్చినవాడి మాటకు మనలో ఒక గౌరవం ఉంది. అతడు చూసింది మనం చూడలేదు. అతడు చెప్పిందే మనకు నిజం. కోర్టులో అయితే సాక్షుల్ని పిలుస్తారు. మంచుకొండ మీద సాక్షి ఎవరు? తాడుకు రెండో కొసన ఉన్న మనిషి ఒక్కడే. అందువల్ల ఈ కథల విషయంలో ఒక ధర్మసందేహం తప్పదు. కలిసి చేసిన సాహసం కథ ఎవరి సొత్తు?

ఈ ప్రశ్నకు అన్నపూర్ణ శిఖరం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1950 జూన్ 3న మోరిస్ హెర్జోగ్, లూయీ లషనాల్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు నేపాల్‌లో ఆ శిఖరం ఎక్కారు. దాని ఎత్తు 8,091 మీటర్లు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాన్ని మనుషులు ఎక్కడం అదే మొదలు. దిగివచ్చేసరికి హెర్జోగ్ చేతులూ కాళ్లూ, లషనాల్ కాళ్లూ మంచుకు చచ్చుబడిపోయాయి. షెర్పాలు వాళ్లను వీపుల మీద మోసుకుంటూ లోయ దాటించారు. దారిలోనే డాక్టరు వేళ్లు తీసేయవలసి వచ్చింది.

బయలుదేరే ముందే దళంలోని వాళ్లందరిచేతా ఒక కాగితం మీద సంతకాలు చేయించుకున్నారు. నాయకుడు తప్ప ఎవరూ అయిదేళ్లదాకా ఈ యాత్ర గురించి ఏమీ ప్రచురించకూడదన్నది షరతు. హెర్జోగ్ ఆస్పత్రి మంచం మీద ఉండి తన కథ చెప్పి రాయించాడు. 1951లో వచ్చిన ఆ పుస్తకం ప్రపంచమంతా చదివింది. అందులో శిఖరం దగ్గర పడేకొద్దీ అతడికి కలిగింది ఒక పరవశం. తాను ఎక్కుతున్నది తనకోసం మాత్రమే కాదు, దేశం కోసం కూడా.

లషనాల్ కథ వేరు. అతడు షమొనీ ఊళ్లో కొండదారి చూపే గైడు. కాళ్లే అతడి జీవనాధారం. పైకి పోతుండగానే కాళ్లు మొద్దుబారుతున్నాయని గ్రహించాడు. నేను వెనక్కి తిరిగితే నువ్వేం చేస్తావని హెర్జోగ్‌ను అడిగాడు. ఒంటరిగానైనా పైకే పోతానన్నాడు హెర్జోగ్. ఒంటరిగా పోతే ఇతడు తిరిగిరాడని లషనాల్‌కు అర్థమైంది. వెంట నడిచాడు. జెండా కోసం కాదు, తాడు పంచుకున్న తోడు కోసం. కాలివేళ్లన్నీ పోగొట్టుకున్నాడు. 1955లో మంచుదిబ్బల మీద స్కీయింగు చేస్తూ పగులులో పడి చనిపోయాడు. అతడి రాతలు మరుసటి ఏడు పుస్తకంగా వచ్చాయి. కానీ హెర్జోగ్ అన్న కథకు ఎదురుపడే భాగాలు అందులో లేవు. ఆ కూర్పు చేసినవాడు హెర్జోగ్ తమ్ముడే. కత్తిరించిన మాటలు బయటపడడానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది.

ఇందులో తప్పెక్కడుంది? హెర్జోగ్ అబద్ధం చెప్పాడని నేను అనను. ఆ ఎత్తులో అతడికి పరవశమే కలిగి ఉండవచ్చు. పక్కనున్న మనిషికి భయమే కలిగి ఉండవచ్చు. ఒకే మంచు మీద రెండు నిజాలు నడిచాయి. నాయకుడికి బాధ్యత ఉంది, ఖర్చు పెట్టినవాళ్లకు లెక్క చెప్పాలి, తలా ఒక మాట చెబితే గందరగోళం అనే వాదన కూడా తీసిపారేయదగింది కాదు. అయినా తన కథ తాను చెప్పుకోవడం వేరు, పక్కవాడి నోరు మూయించడం వేరు. మొదటిది హక్కు. రెండోది, సంతకం పెట్టించుకుని చేసినా, అన్యాయమే. ప్రాణం పంచుకున్న చోట మాట పంచుకోకపోవడం ఏ ధర్మం?

ఆ యాత్రలోనే షెర్పాల పెద్ద ఆంగ్ తార్కే ఉన్నాడు. శిఖరానికి రమ్మని హెర్జోగ్ పిలిస్తే, కాళ్లు చల్లబడుతున్నాయి, రానన్నాడు. అతడు వెనుదిరగడం కూడా ఒక నిర్ణయమే. కాని వెనక్కి తిరిగినవాడి తెలివిని కథగా చెప్పించుకునే ఓపిక మనకు తక్కువ.

1953లో ఎవరెస్టు మీద ముందు కాలు పెట్టింది ఎవరని లోకం హిల్లరీనీ టెన్సింగ్‌నూ పీడించింది. దేశాలు పంతాలకు పోయాయి. ఇద్దరూ కలిసే చేరాం అన్నదే వాళ్ల జవాబు. 1955లో వచ్చిన తన ఆత్మకథలో టెన్సింగే, హిల్లరీ ఒక్క అడుగు ముందున్నాడని చెప్పాడు. తనకు లాభం లేని నిజాన్ని ఎవరి బలవంతమూ లేకుండా చెప్పినవాడి మాటకు ఇక సాక్షి అక్కరలేదు.

మన భాషలోని తొలి యాత్రాగ్రంథానికి కూడా ఈ విషయంలో ఒక చోటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో సుమారు వందమందితో కాశీకి బయలుదేరాడు. హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, కలకత్తా చూసి, ఒరిస్సా తీరం వెంట 1831లో తిరిగివచ్చాడు. దారి పొడుగునా మిత్రుడు శ్రీనివాస పిళ్లెకు రాస్తూ వచ్చాడు. దారి ఎలాంటిది, ఏ ఊళ్లో ఏమి దొరుకుతుంది, ఇవన్నీ అందులో ఉన్నాయి. తరువాత వెళ్లేవాళ్లకు పనికొచ్చే కథ అది. రాసినవాడు పోయాక, 1838లో దాన్ని అచ్చువేయించింది ఆ మిత్రుడే. వినేవాడు కూడా కథకు బాధ్యుడేనని ఇంతకంటే బాగా ఎవరు చూపారు?

ఆ బాధ్యత మనదీ. ఒక్క వీరుడి కథే కావాలని మనం అడిగినన్నాళ్లూ ఒక్క వీరుడి కథే తయారవుతుంది. ఈసారి ఎవరైనా కొండ దిగివచ్చి కథ మొదలుపెడితే, చప్పట్లు కొట్టే ముందు ఒక మాట అడుగుదాం. తాడుకు రెండో కొస ఎవరు పట్టుకున్నారు? ఆయన ఏమన్నాడు?