బిడ్డ మాట

"మావాడు ఇంట్లో నోరు విప్పడు మాష్టారూ. బడిలో మీకేమైనా చెబుతున్నాడా?"

మా పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము జరిగినపుడెల్ల ఈ ప్రశ్న ఒకరిద్దరి నోటనైన వినబడుచుండును. అడుగువారు బిడ్డలయెడ అశ్రద్ధ గలవారు కారు. దువ్వాడ, కూర్మన్నపాలెము, వడ్లపూడి ప్రాంతములనుండి వచ్చు వీరిలో ఉక్కు కర్మాగారపు కార్మికులు, రైల్వే ఉద్యోగులు, ప్రత్యేక ఆర్థిక మండలములోని కంపెనీలకు పోవు తల్లులు గలరు. రెక్కలు ముక్కలు చేసికొని బిడ్డకు లోటు రాకుండ చూచువారు. సైకిలు కొనిరి, ట్యూషను పెట్టించిరి, చిన్నతనమున తమకు లేని గదిని బిడ్డకు ఇచ్చిరి. బిడ్డ ఆ గది తలుపు మూసికొనుచున్నాడు. "ఇంకా ఏమివ్వాలండీ?" అని వారు అడుగునపుడు ఆ కంఠములో కోపము కంటె దుఃఖమే ఎక్కువగా నుండును.

చాలకాలము నేనును అందరు చెప్పు సమాధానమే చెప్పితిని. సాయంకాలము ఆటకు పంపుడు, రాత్రి ఒక కథ చెప్పుడు, ఒక్క పూటయైన కలసి భుజింపుడు అని. ఇవి మంచి మాటలే, వెనుకకు తీసికొనను. కాని బిడ్డకు ఏమి ఈయవలెనను ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న యున్నదని ఇప్పుడు తోచుచున్నది. బిడ్డ మనకు ఇచ్చుచున్నదానిని మనము పుచ్చుకొనుచున్నామా? వాని చేతిలో ధనము లేదు, అధికారము లేదు. వానియొద్ద నున్నది మాట ఒక్కటే.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని గొడగూచి కథ మన ఇండ్లలో ఎరుగనివారు తక్కువ. తండ్రి నిత్యము శివునకు పాలు ఆరగింపు పెట్టెడివాడు. పొరుగూరికి పోవలసి వచ్చి ఆ పని కూతురికి అప్పగించెను. ఆ పసిది పాలగిన్నె పట్టుకొని గుడికి పోయి, స్వామి ముందుంచి త్రాగుమని వేడెను. స్వామి త్రాగలేదు. తన వలన ఏదో లోపము జరిగినదని, తండ్రి కోపించునని ఏడ్చి ఏడ్చి ప్రాణము విడుచుటకు సిద్ధపడెను. అపుడు శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగెను. నాటినుండి దినమును త్రాగుచుండెను. తండ్రి తిరిగి వచ్చి పాలేమైనవని అడిగెను. శివుడు త్రాగినాడని ఆమె ఉన్నమాట చెప్పెను. తండ్రి నమ్మలేదు. నిజమైనచో చూపుమని వెంట పోయెను. ఆనాడు గిన్నెలో పాలు పాలుగనే యుండెను. తండ్రి దండింపబోవగా ఆమె శివుని మొరపెట్టుకొనెను. శివుడామెను లింగములోనికి చేర్చుకొనెను. పట్టుకొనబోయిన తండ్రి చేతికి బిడ్డ కురులు మాత్రము చిక్కినవి.

మఠములలో ఈ కథను ముగ్ధభక్తి మహిమగా చెప్పుదురు. అది సముచితమే. నేను తండ్రినైన తరువాత మాత్రము నా చూపు ఆ తండ్రిమీద నిలిచిపోయినది. అతడు దుర్మార్గుడు కాడు, నిత్యపూజ తప్పనివాడు. శివునకు పాలు పోయవలెనని కూతురికి నేర్పినవాడు అతడే. అయితే శివుడు నిజముగ త్రాగునని అతడు ఏనాడును అనుకొనలేదు. కూతురు అనుకొనెను, తండ్రి చెప్పినాడు గనుక. బిడ్డ తండ్రి మాటను పూర్తిగా నమ్మెను. తండ్రి బిడ్డ మాటను ఒక్క పూటయైన నమ్మలేకపోయెను. తిరిగి వచ్చినవాడు అడిగినది పాల సంగతి. నేడు బడినుండి వచ్చిన బిడ్డను మనము మొదట అడుగునది "మార్కులెన్ని?" అని. అదియు పాలలెక్కయే.

ఇతరులను అనుటకు ముందు నా సంగతి చెప్పుకొనవలెను. సుమారు పన్నెండేండ్ల క్రిందట మా అబ్బాయిని ఇంటర్మీడియెటు చదువునకు వసతిగృహము గల ఒక కళాశాలలో చేర్చితిని. ఆదివారము మాత్రమే ఫోనులో మాటలాడనిచ్చెడివారు. ఒక ఆదివారము వాడు, "నాన్నగారూ, నాకిక్కడ అన్నం సయించటం లేదు. నీరసంగా ఉంటోంది" అనెను. చదువు తప్పించుకొనుటకు సాకు వెదకుచున్నాడని నాకు తోచినది. ఏండ్ల తరబడి బాలురకు నీతిపద్యములు బోధించిన నోరు కదా, పావుగంట హితోపదేశము చేసితిని. మరుసటి ఆదివారము వాడు "బాగానే ఉన్నాను నాన్నగారూ" అనెను. నా బోధ ఫలించినదని ఇంటిలో చెప్పుకొని సంతోషించితిని కూడ.

దసరా సెలవులకు వచ్చినాడు. విశాఖపట్నము లోనికి పోకుండ ప్రక్కనుండి సాగిపోవు బండ్లు అనేకము మా దువ్వాడ స్టేషనులో ఆగును. అట్టి బండి దిగినాడు. చొక్కా భుజములమీద వ్రేలాడుచుండెను. కన్నులు పసుపు పూసినట్లుండెను. పచ్చకామెర్లు! ఇది నిన్న మొన్న వచ్చినది కాదని వైద్యుడు చెప్పుచుండగా నేను నేల చూచుచు నిలుచుంటిని. వాడు కోలుకొనెను, చదువు ముగించెను, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ సంగతి ఇపుడు నవ్వుచు చెప్పును. కాని ఆనాటినుండి వాని మంచిచెడ్డలన్నియు తల్లికే చేరుచుండెను. నాకు చేరునది "బాగానే ఉన్నాను నాన్నగారూ" అను ఆ ఒక్క వాక్యము.

నా నేరము సామాన్యమైనదే, అందుచేతనే దానిని వ్రాయుచున్నాను. 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో దొర్లిన తప్పులు పిదప బయటపడినవి. ఒక బాలికకు తెలుగు పరీక్షలో 99 మార్కులకు బదులు సున్న పడినదని పత్రికలలో చదివి, తెలుగు పంతులునైన నేను ఆ రోజు పాఠము సరిగా చెప్పలేకపోతిని. తాను బాగుగా వ్రాసితినని ఒక బిడ్డ చెప్పుచుండును, సున్న యని ఒక కాగితము చెప్పుచుండును. ఆ క్షణమున ఇంటిలో ఒక్కరైన కాగితమును కాక బిడ్డను నమ్మవలసి యుండును. దుఃఖములో నున్న ఏ తల్లిదండ్రులను ఉద్దేశించియు ఈ మాట అనుట లేదు. కాగితము చేతికి రాకముందే ఆ నమ్మకము ఇంటిలో అలవాటై యుండవలెనని మాత్రము అనుచున్నాను.

మన బసవేశ్వరుని బాల్యమునే చూడుడు. ఉపనయనము చేయ దలచిన తండ్రి మాదిరాజుతో, అది తనకు వలదని బాలబసవడు వాదించెను. తుదకు అక్క నాగమ్మతో ఇల్లు విడిచెను. ఈ ఘట్టము విన్న ప్రతి లింగవంతుడును తల యూపును. ఆ రాత్రియే ఇంటిలో కొడుకు "నాకు ఇంజనీరింగు వద్దు" అన్నచో, పెద్దలకు ఎదురు చెప్పుచున్నాడని కేకలు వేయును! ఎనిమిది వందల యేండ్ల క్రిందటి బాలుని నిరాకరణము మనకు పూజ్యము, ఎదుట కూర్చున్న బాలుని నిరాకరణము అవిధేయత. మాదిరాజును తప్పుపట్టుటకు మనకేమి అర్హత యున్నది?

బిడ్డ కోరినదెల్ల చేయుటయేనా అని అడుగుదురు. నమ్ముట వేరు, కోరినది ఇచ్చుట వేరు. జ్వరములో నున్న బిడ్డ ఐసుక్రీము అడిగినచో ఇయ్యనక్కరలేదు. నోరు ఎండుచున్నదని వాడు చెప్పుట నిజమని గ్రహించి గోరువెచ్చని నీరిచ్చిన చాలును. ఇంజనీరింగు వలదన్నవానిని వెంటనే మాన్పింపనక్కరలేదు. ఆ మాట వెనుక ఏదో యున్నదని కూర్చుండి వినవలెను.

పిల్లలు అబద్ధములాడరా? ఆడుదురు. ప్రగతి పత్రముపై తండ్రి సంతకమును తానే చేసికొని వచ్చిన బాలుర నెందరినో చూచితిని. మునుపు వెంటనే తండ్రిని పిలిపించెడివాడను. ఇప్పుడు ముందుగ "నాన్నకు చూపితే ఏమవుతుంది?" అని అడుగుచున్నాను. వచ్చిన సమాధానములు ఇచట వ్రాయదగినవి కావు. నేను చూచినంతలో పిల్లల అబద్ధములలో అధికభాగము భయమునకు పుట్టినవే. బడిలో బిడ్డను కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఇంటి గోడలలోపలికి ఆ చట్టము రాదు. ఒకమారు ఒక బాలుడు కాపీపుస్తకమును మేక తిన్నదని చెప్పగా తరగతి యెల్ల నవ్వెను, నేనును నవ్వితిని. మరునాడు వాని తల్లి సగము నమలిన పుస్తకము కొంగున చుట్టి తెచ్చి నా బల్లమీద పెట్టెను. మాటాడక వెడలిపోయెను.

పిల్లల మాట వినుటయే వ్రతముగ పెట్టుకొన్న పెద్దలు తెలుగునాట లేకపోలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఎన్ని వేల ఇండ్లకు చుట్టములైరో! పిల్లలే పాడిరి, పిల్లలే నాటకములాడిరి, పెద్దలు రేడియో చుట్టు మూగి వినిరి. పాఠశాలల పరీక్షాధికారిగ తిరిగిన చలము 'బిడ్డల శిక్షణ' యను గ్రంథము వ్రాసెను. ఆయన ఇతర భావములతో మనకు ఎన్నియో పేచీలుండవచ్చును. బిడ్డ ఒక సంపూర్ణ వ్యక్తియని ఆయన పట్టిన పట్టును మాత్రము నేను కాదనలేను.

మనమాట బిడ్డ నమ్ముచున్నాడన్న సంగతి మనకెంత గుర్తున్నది? ఫోను మ్రోగగనే "నాన్న లేరని చెప్పు" అని పక్కనుండి అందింతుము. ఆదివారము సముద్రమునకు తీసికొనిపోదునని బుధవారము చెప్పుదుము, శనివారము మరతుము. మా ప్రాంతమున మాట నిలుపుకొనకపోవుట యన నేమో పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1966 నాటి ఉద్యమము ఫలించి, 1971లో శంకుస్థాపన జరిగి ఉక్కు కర్మాగారము వచ్చినపుడు భూములిచ్చిన కుటుంబములలో ఎందరో ఆర్ కార్డులు పెట్టెలలో దాచుకొని ఉద్యోగము కొరకు దశాబ్దముల తరబడి ఎదురుచూచిరి. ఎదురుచూచు మనిషి ముఖము ఎట్లుండునో ఎరిగిన ఊరు ఇది. ఆదివారము చెప్పులు తొడుగుకొని గుమ్మములో కూర్చున్న ఐదేండ్ల బిడ్డ ముఖమును అదియే.

షిఫ్టు డ్యూటీల ఇండ్ల బాధ నాకు తెలియును. కొలిమి చల్లారనీయరాదు గనుక కర్మాగారము రాత్రింబవళ్లు నడువవలెను. రాత్రి షిఫ్టు చేసివచ్చిన తండ్రి పగలు నిద్రించును. ఆ ఇంటి పిల్లలు మునివ్రేళ్లమీద నడతురు, గుసగుసలాడుదురు, కుక్కరు కూతకు ఉలిక్కిపడి తండ్రి గదివైపు చూతురు. ఆ నిశ్శబ్దము బిడ్డలు తండ్రికి చేయు దాసోహము. నిద్రించుచున్నవానికి ఆ సంగతి తెలియదు! "నువ్వు చప్పుడు చేయలేదు కాబట్టి హాయిగా నిద్ర పట్టింది" అని లేచిన తరువాత ఒక్క మాట అనిన ఖర్చేమున్నది? అందరు కలసి రాత్రి భోజనము చేయుట ఆ ఇండ్లలో కుదరకపోవచ్చును. ఏ పూట కుదిరిన ఆ పూట, టిఫినైనను సరే, పక్కపక్కన కూర్చుండి మార్కుల ప్రసక్తి లేకుండ తినవచ్చును.

గొడగూచి తండ్రి ఒక్క విషయములో మనకంటె గొప్పవాడని ఒప్పుకొనవలెను. పాలగిన్నెను బిడ్డ చేతిలో పెట్టెను. మనము అదియు చేయుట లేదు. "నువ్వు చదువుకో, పని మేము చూసుకుంటాం" అని బిడ్డను ఇంటిలో అతిథిని చేసితిమి. శరణులు కాయకమునకు ఇచ్చిన స్థానమును ఉపన్యాసములలో కొనియాడుచు, మన బిడ్డ తిన్న కంచము కడిగినచో కాలము వృథా యనుకొందుము. అన్నము వడ్డించుట, మొక్కలకు నీరు పోయుట, అవ్వకు వేళకు మందు అందించుట, వెచ్చాల చీటి వ్రాయుట, ఇవి బిడ్డకు అప్పగింపవలెను. అప్పగించినపిమ్మట వెనుకనే నిలిచి పర్యవేక్షింపరాదు. గ్లాసు పగులును, పగులనిండు. తాను లేకున్న ఈ ఇల్లు కొంత కుంటుపడునని ఎరిగిన బిడ్డకు కలుగు తృప్తి బజారులో దొరకదు.

ఈ మధ్య మా అమ్మాయి కూతురిని తీసికొని అప్పికొండకు పోయితిమి. సముద్రపు టొడ్డున నున్న ఆ సోమేశ్వరాలయమునకు శివరాత్రినాడు జనము ఇసుక వేసిన రాలరు; మామూలు దినములలో గాలి చప్పుడు తప్ప ఏమియు వినబడదు. పులిహోర పొట్లముల సంచి దాని భుజమునకే తగిలించితిమి. త్రోవలో రెండు పొట్లములు జారిపోయినవి. "నాకు తెలియలేదు తాతయ్యా" అన్నది. "అవునమ్మా, సంచి బరువు" అంటిని. ఉన్నవి పంచుకొని తింటిమి. చెప్పుకొనదగినంత సంఘటన కాదు. కాని పన్నెండేండ్ల క్రిందట నైనచో జాగ్రత్తను గూర్చి ఒక పద్యము చదివి యుందును.

మొన్న ఆదివారము రాత్రి అబ్బాయి ఫోను చేసెను. తల్లి పొరుగింటికి పోయియుండుటచే నేను తీసితిని. ఎట్లున్నావంటిని. వాడు కొంచెము ఆగి, "ఆఫీసులో పరిస్థితి బాగాలేదు నాన్నగారూ" అనెను. నాలుకమీదికి వచ్చిన సలహాను మ్రింగి, "ఏమైందిరా?" అని మాత్రము అడిగితిని. వాడు చెప్పసాగెను. నడుమ నడుమ ఊకొట్టితిని, అంతే. పొరుగింటినుండి ఆమె వచ్చి గుమ్మములో నిలిచి చేయి చాపినది. "అమ్మ వచ్చిందిరా, ఇమ్మంటావా?" అని అడిగితిని.

"ఉండండి నాన్నగారూ, ఇంకా ఉంది" అన్నాడు.