వెనుక మిగిలిన బిడ్డ – శరణుల కొలబద్ద

పొట్టకూటికై కన్నబిడ్డలను విడిచి పరదేశమునకు బోవుట ధర్మమా, అధర్మమా? ఈ ప్రశ్న నేడు పెక్కు గృహములలో వినబడుచున్నది.

మన ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దు గ్రామములకు మిరపకోతల కాలమున ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుండి కూలీలు వత్తురు. వెంట దెచ్చిన బిడ్డకు బడి పోవును. ఊర విడిచిన బిడ్డకు తల్లి యెడబాటు. అయినను కోత ముగియగానే వారు మరలుదురు. కడప నుండియు, గోదావరి జిల్లాల నుండియు ఇంటిపనికై కువైట్‌కు బోయిన తల్లి యట్లు మరలజాలదు; ఏండ్లు గడచును. పదవ తరగతి ఉత్తీర్ణురాలు గాని స్త్రీ గల్ఫ్ దేశములలో ఇంటిపనికి బోవలెనన్న 30 ఏండ్లు నిండవలెనని మన ప్రభుత్వ నియమము. పడుచువారిని మోసము నుండి కాపాడుటయే దాని యుద్దేశము. కాని మన పల్లెలలో ఆ యీడు స్త్రీ సాధారణముగా బడికి బోవు బిడ్డల తల్లి. అందుచేత బయలుదేరువారిలో తల్లులే హెచ్చు.

ఆమెను నిందింపరాదు. శరణుల మతమున కాయకములలో హెచ్చుతగ్గులు లేవు. పరుల పసిపాపను సాకు తల్లిదియు కాయకమే. ఇంట ఆమె బిడ్డను సాకు అమ్మమ్మదియు కాయకమే. మరి హద్దు ఎచట?

బసవన్న ముంగిట రాలిన బియ్యము నేరితెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడాయన మితిమించి తేగా, భార్య లక్కమ్మ అక్కరకు మించినదానిని అచటనే పోసిరమ్మని మరలబంపినది. ఇదియే మనకు కొలబద్ద. అప్పు తీర్చుటకు, బిడ్డ చదువునకు, ఇంటికప్పునకు బోవుట అక్కర. అవి తీరిన పిమ్మటను మరి రెండేండ్లు, మరి రెండేండ్లని పొడిగించుట మితిమీరిన బియ్యము. దాని వెల చెల్లించునది బిడ్డ. కావున ఎంత చాలునో, ఎన్నడు మరలుటయో పయనమునకు ముందే నిశ్చయించి బిడ్డకు జెప్పవలెను.

మిగిలిన భారము మనది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి, శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియైనది. ఆ భక్తికి వారసులమైన మనము, ప్రగతిపత్రముపై అమ్మమ్మ వ్రేలిముద్ర వేయించుకొని వచ్చు పసివానిని చూచి ఊరకుండవచ్చునా? మఠములు పండుగనాటి అన్నదానముతో తృప్తి నొందక, అట్టి బిడ్డల పేరు పేరున నెరిగి, సాయంకాలము చదువును, జ్వరము వచ్చిననాడు తోడును కల్పింపవలెను. దాసోహమున పెట్టుటయే గాక కనిపెట్టియుండుటయు గలదు.

శరణబంధువులారా! మీ వాడలో అట్టి బిడ్డ యెవరో నేడే విచారింపుడు.